యజమాని ఎక్కని రథము

హైదరాబాదు నగరమునకు దక్షిణమున ఫలక్‌నుమా కొండను దాటి సాగిపోవు దారి శంషాబాదు వైపు పోవును. పైగా వంశపు నవాబులు వహించిన షమ్సుల్ ఉమ్రా అను బిరుదము ఆ ఊరి పేరున నేటికిని నిలిచియున్నది. 2008లో అచ్చట అంతర్జాతీయ విమానాశ్రయము వెలసిన పిమ్మట, దేశదేశముల ప్రయాణికులు ఆ ఊరనే దిగి నగరము చేరుచున్నారు. విమానమన్నది లోకమునకు వింతగా నున్న దినములలో ఆ ఫలక్‌నుమా కొండమీద ఒక ప్రభువు కన్ను మూసెను. అతడు మనసుపడి చేయింపబూనిన మోటారు బండి అప్పటికింకను సముద్రము దాటి రాలేదు. ఆ ప్రభువు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్.

అతడు 1866 ఆగస్టులో జన్మించెను. 1869లో తండ్రి అఫ్జలుద్దౌలా మరణించునప్పటికి మూడేండ్లైనను నిండని బాలుడు. కావున ప్రధాని సాలార్‌జంగు, పైగా ప్రభువైన షమ్సుల్ ఉమ్రా రాజప్రతినిధులై పాలన సాగించిరి. 1884లో వైస్రాయి రిప్పన్ ప్రభువు సమక్షమున మహబూబ్ అలీ పూర్ణాధికారములు స్వీకరించెను.

పల్లకీలు, అంబారీలు, గుఱ్ఱపు బండ్లు రాజవీథులనేలుచున్న కాలమది. అతడు బాలుడుగా నుండగనే, 1874లో, వాడి నుండి సికింద్రాబాదునకు రైలుబండి వచ్చెను. పులివేటలో అతనికి మంచి పేరు. పాము కఱచిన వారు అతని పేరు చెప్పుకొన్న బ్రదుకుదురని ప్రజలు నమ్మెడివారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచెత్తగా, నిరాశ్రయులకై ప్రాసాదముల తలుపులు తెఱిపించెను. మహబూబ్ పాషా అని జనులు అతనిని ప్రేమతో పిలుచుకొనుటకు కారణములు ఇట్టివి.

వస్తువులు కొనుటయందు అతనికి హద్దు లేదు. 1891లో జేకబ్ అను వర్తకునితో గొప్ప వజ్రమునకు బేరము కుదుర్చుకొనగా, అది వివాదమై కలకత్తా న్యాయస్థానమునకెక్కెను. జేకబ్ నిర్దోషిగా బయటపడెను. రాజునకు ఆ వజ్రముపై మనసు విఱిగెను. తండ్రి గతించిన పిదప ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ దానిని ఒక పాదరక్ష ముందుభాగమున కనుగొని, కాగితములపై బరువుగా వాడెనని చెప్పుదురు. 1995లో నిజాం ఆభరణములతోపాటు అది భారత ప్రభుత్వ సొత్తయ్యెను.

మోటారు బండి కథ వేఱు. దానిని అతడు రోల్స్ రాయిస్ సంస్థ వారికి పురమాయించెను. ఆనాడు ఆ సంస్థ ఇంగ్లండునందలి డెర్బీలో యంత్రమును, చట్రమును మాత్రమే చేసెడిది. పైకట్టడము వేఱొక శాల పని. ఈ బండికి ఆ పని లండనులోని బార్కర్ వారు చేసిరి. మూడేసి చొప్పున రెండు దిమ్మెలుగా పోతపోసిన ఆఱు సిలిండర్లు, మొత్తము ఏడు లీటర్లకు పైబడిన పరిమాణము, చప్పుడెఱుగని నడక ఆ తరగతి బండ్ల విశేషములు. పసుపు వన్నె పూసి, వెనుక ఆసనమును సింహాసనమువలె ఎత్తుగా అమర్చిరి.

1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ ఫలక్‌నుమా ప్రాసాదమున మరణించెను. బండి పిమ్మట వచ్చెను. కుమారుడు దానిని ఉత్సవ సందర్భములలో తప్ప వాడలేదు. రాజ్యము పోయినది, బండి దశాబ్దములు మూలబడినది.

యంత్రమునకు పరుగుకంటె ఊరకుండుటయే ఎక్కువ కీడు. చమురు చిక్కబడి జిగురగును. రబ్బరు బీటలు వాఱును. చెమ్మ తగిలిన ఇనుము త్రుప్పు పట్టును. పైకట్టడములోని కొయ్య పుచ్చిపోవును. అట్టి బండిని పునరుద్ధరించువానికి పెద్ద పరీక్ష ఒకటి కలదు. అన్నియు క్రొత్తవి బిగించిన బండి మెఱయును గాని, అది పాత బండి కాదు. ఏది తీసివేయవలెనో, ఏది అరిగినను అట్లే నిలుపవలెనో నిర్ణయించుటయే ఆ విద్యయందలి కష్టము.

రాకుమారి ఎస్రా పూనికతో చౌమహల్లా ప్రాసాదము బాగుపడి 2005లో ప్రజల దర్శనమునకు తెఱువబడెను. 2010లో యునెస్కో పురస్కారము పొందెను. ఆ పసుపు బండియు పునరుద్ధరింపబడి ఆ ప్రాసాదముననే ప్రదర్శింపబడినది. వజ్రము పోగొట్టుకొన్నను వజ్రమే. చెడిపోయిన యంత్రము మాత్రము మనుష్యుల చేతులు లేనిదే మరల లేవదు. కొన్నవాని పేరు చరిత్రకెక్కినది. మరల నిలబెట్టినవారి పేర్లు చూడవచ్చిన విద్యార్థులలో అడుగువారు అరుదు. ఎవరైన ఒకరు అడిగిననాడు, ఆ యెత్తైన ఆసనముతోపాటు దాని క్రింది చట్రమును గూడ చూపవలసిన బాధ్యత ఉపాధ్యాయులది.