దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు

ఉద్యోగమును కోరువారు వేలకొలది. పదిమందికి ఉద్యోగమీయ గోరువారు కొలదిమంది. ఈ భేదమునకు ధనమే కారణమని లోకులు తలంతురు. కాని ధనహీనులు వర్తకమున రాణించుటయు, ధనికులు దానియందు ఇచ్ఛయే లేకుండుటయు మనము చూచుచున్నాము. ఆ కోరిక పుట్టుట ఆలోచించు తీరును బట్టియు నుండును. మనశ్శాస్త్రజ్ఞులు ఆలోచనారీతులను స్థూలముగా రెండుగా విభజింతురు. మొదటిది లెక్కచూచి, కారణములు విమర్శించి అడుగువేయునది. రెండవది లేనిదానిని మనోనేత్రమున గాంచునది. ఈ రెండును కూడినచో ఎట్టి ఫలము కలుగునో పంతులుగారి చరిత్రము తెలుపుచున్నది.

వీరు 1867వ సంవత్సరమున కృష్ణామండలమందలి ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. బందరున చదివి, 1891లో మదరాసు క్రైస్తవ కళాశాలయందు పట్టభద్రులైరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి వివేకవర్ధనిని చదివి ప్రభావితులైరి. అంతటి చదువు గలవారికి కొలువు దుర్లభము కాని కాలమది. అయినను వారి మనస్సు కొలువునందు నిలువలేదు. చెన్నపురిలో వర్తకము చేయజూచిరి. పిదప కలకత్తాలో ఔషధశాలయందును, బొంబాయిలో ఒక కార్యాలయమందును పనిచేసిరి. ఔషధశాలలోని ఆ పని వారికి రెండవ విద్యాభ్యాసమైనదని చెప్పవచ్చును.

1893లో బొంబాయియందు అమృతాంజనమును నెలకొల్పిరి. తలనొప్పి ఇంటింటనుండు బాధ. దానికి చిన్న డబ్బీలో ఇమిడెడు లేపనమును భావించుట ఊహాశక్తి. ఆ మందును సంగీతసభలయందు ఉచితముగా పంచిపెట్టిరి. ఒకమారు ఉపశమనము పొందినవాడు మరల కొనక మానడను గణన అందు కానవచ్చుచున్నది.

ఆ బుద్ధియే 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించినది. 1914లో అది మదరాసున దినపత్రికయైనది. 1924లో భారతి మాసపత్రిక పుట్టినది. ఆంధ్రగ్రంథమాల ప్రాచీన కావ్యములను వెలుగులోనికి తెచ్చినది. లేపనమువలన వచ్చిన లాభము సాహిత్యమునకును దానధర్మములకును వినియోగమైనది. ఉప్పుసత్యాగ్రహమున చెరసాల కేగిరి. 1937లో శ్రీబాగు ఒడంబడిక వారి గృహముననే జరిగినది. 1938 ఏప్రిలు 11వ తేదీన పరమపదించిరి.

మన జక్రాన్‌పల్లి ప్రాంతమున పసుపు విస్తారముగా పండుచున్నది. అందు హెచ్చుభాగము కొమ్ములుగానే నిజామాబాదు మార్కెటునకు పోవుచున్నది. బోధనున 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడగా, దానిని నమ్మిన కార్మికులును చెఱకురైతులును మిక్కిలి ఇక్కట్లు పడిరి. మన యువకులు పెక్కుమంది గల్ఫు దేశములకు పోవుచున్నారు. కొందరు సర్కారు కొలువుల ప్రకటనలకై ఏండ్లు నిరీక్షించుచున్నారు. లెక్క మాత్రమే నేర్చినవానిని భయము ఆపును. ఊహ మాత్రమే గలవాడు అప్పులపాలగును. కనుక తల్లిదండ్రులు బిడ్డలకు రెండింటిని నేర్పవలెను. విద్యార్థివేతనముల నొసగు మన దాతలు, ఏదేని వర్తకమున రెండేండ్లు పనినేర్చి స్వయముగా చిన్న వ్యాపారము మొదలిడు యువకునకును మూలధనమిచ్చి చేయూత నొసగుదురుగాక. పంతులుగారిని స్మరించుటకు అంతకంటె తగిన మార్గము లేదు.

శుభమస్తు.