చదరంగం లెక్కను పద్యంలో నిలిపిన మల్లన

తెలుగులో తొలి గణిత గ్రంథకర్తగా పేరొందిన కవి పావులూరి మల్లన. రాజరాజ నరేంద్రుని కాలం, అనగా 11వ శతాబ్ది వాడని ప్రతీతి. మహావీరాచార్యుని సంస్కృత గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

చదరంగం మొదటి గడిలో ఒక గింజ ఉంచి, గడిగడికీ రెట్టింపు చేస్తే 64 గడులకు మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. మన రెండు జిల్లాల గాదెలే కాదు, లోకమంతటి ఏడాది పంటా చాలదు. ఏ గడి వరకు కూడినా, మొత్తం తర్వాతి గడికి ఒకటి తక్కువే.

ఈ 20 అంకెలనూ మల్లన ఒకే పద్యంలో ఇమిడ్చాడు. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, ఆకాశమంటే సున్న. అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. తాటాకుపై ఒక అంకె జారితే కనిపెట్టడం కష్టం. పద్యంలో ఒక మాట జారితే నడకే తప్పుతుంది. అందుకే ఆ లెక్క నేటికీ చెక్కుచెదరలేదు.