కుష్టు క్రిమిని కనిపెట్టిన హాన్సెన్

డాక్టర్ హాన్సెన్ గారు 1841లో నార్వే దేశంలోని బెర్గెన్ పట్టణంలో పుట్టారు. అప్పట్లో అక్కడ కుష్టు రోగులు చాలామంది ఉండేవాళ్ళు. అక్కడి పెద్ద డాక్టరు డానియల్సన్ అది వంశంలో వచ్చే జబ్బు అనేవారు. రోగి బుడిపెల్లోంచి తీసిన పదార్థం తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు! ఏమీ కాలేదు. అందుకే అంటదు అనుకున్నారు.

హాన్సెన్ ఆయన దగ్గరే పనిచేశారు, ఆయన కూతుర్నే పెళ్ళి చేసుకున్నారు. అయినా మామగారి మాట ఒప్పుకోలేదు. 1873లో మైక్రోస్కోపులో సన్నని పుల్లల్లాంటి క్రిములు చూశారు.

కానీ 1879లో ఒక రోగి కంట్లో, ఆమెను అడక్కుండానే, వేరే రోగి నుంచి తీసిన పదార్థం గుచ్చారు. ఎంత గొప్ప డాక్టరైనా అడగాలి కదా! 1880లో కోర్టు ఆయన్ని ఆసుపత్రి ఉద్యోగం నుంచి తీసేసింది.

మరి మామగారికి ఎందుకు రాలేదు? క్రిమి చేరినా ఎక్కువమంది ఒళ్ళు తట్టుకుంటుందని ఇప్పుడు తెలిసింది. ఆ శక్తి కొంత అమ్మానాన్నల నుంచి వచ్చే జన్యువులను బట్టి ఉంటుంది. హెచ్.ఎల్.ఏ. జన్యువులు అలాంటివే. వాటివల్ల తయారయ్యే ప్రోటీన్లు క్రిమి ముక్కల్ని మన రక్షక కణాలకు పట్టి చూపిస్తాయి. అందరిలో ఒకేలా ఉండవు. జబ్బు మాత్రం క్రిమి వల్లనే.

హాన్సెన్ 1912లో చనిపోయారు. అప్పటికి సరైన మందు లేదు. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు, పూర్తిగా వాడితే నయమవుతుంది.