కమ్మరి కొడుకు కొలిమిలో మన ఉక్కు

1791 సెప్టెంబరు 22వ తేదీన లండను చెంత న్యూయింగ్టనులో ఒక కమ్మరి యింట మైకేల్ ఫారడే జన్మించెను. తండ్రి రోగపీడితుడు; ఇల్లు పేదది. బడిచదువు అంతంతమాత్రమే. పదునాలుగవ యేట పుస్తకములు కుట్టువాని యొద్ద పనికి కుదిరి, కుట్టిన గ్రంథములనే చదివి ఆతడు విద్వాంసుడాయెను. 1813లో డేవీ పండితునకు సహాయకుడై రాయల్ ఇన్‌స్టిట్యూషను ప్రవేశించెను. విద్యుత్తున ఆతని కీర్తి బడిపిల్లలకును తెలిసినదే. కాని అంతకు ముందు ఆతడు కొన్నేండ్లు కొలిమి యొద్ద గడిపెను. ఆ కొలిమికి ప్రేరణ మన ఉక్కు.

1794లో బొంబాయి నుండి స్కాట్ అను వైద్యుడు రాయల్ సొసైటీ అధ్యక్షుడగు బ్యాంక్సునకు ఊట్జ్ అను ఉక్కు ముద్దలను పంపెను. ఊట్జ్ అనునది మన ఉక్కు శబ్దమునకు వికృతియని పలువురి మతము. కత్తుల పనిలో ఆరితేరిన స్టోడార్ట్ దాని పదునుకు ముగ్ధుడై, 1818లో ఫారడేతో కలిసి అట్టిదానిని చేయ బూనెను.

1819లో ఫారడే దానిని శోధించి, ఆ గుణమునకు అల్యూమినా కారణమని తలచెను. అది పొరపాటు. అసలు కీలకము కర్బనపు పాలు. నూటికి ఒకటిన్నర వంతు. నిజామాబాదు సీమలోని కోనసముద్రపు కమ్మరులకు ఇది లెక్కగా తెలియదు, చేతికి తెలియును. 1820లో వాయిసీ అను వైద్యుడు అచటికేగి, మట్టిమూసలలో వారు ఉక్కు వండుట కన్నులార చూచెను. ఆ సరకుకై పారసీక వర్తకులు అంతదూరము వచ్చెడివారు. వాయిసీ వ్రాత అచ్చయినది 1832లో. అప్పటికి ఫారడే ఉక్కును వదలి పదేండ్లు. ఆ కమ్మరుల పేర్లు మాత్రము లోకమున నిలువలేదు. కారెంపూడిలో పల్నాటి వీరుల ఆయుధములకు నేటికిని పూజ జరుగును. వానిని కొట్టిన చేతుల నెవరెరుగుదురు?

తప్పుదారియే ఫారడేను క్రొత్తచోటికి చేర్చెను. ఉక్కులో ప్లాటినము, రోడియము, వెండి, క్రోమియము కలిపి చూచెను. వెండి లొంగలేదు, కరిగినపుడు కలిసియు, చల్లారినపుడు చెమటవలె పైకి పొటమరించెను. ఐదువందల పాళ్ళకు ఒక్కపాలు మాత్రమే నిలిచెను. (నేడు ఇంట లేత్ యంత్రముపై పనిచేయువారు కొను సిల్వర్ స్టీలులో వెండి రవ్వంతయు నుండదు!) మిశ్రమ ఉక్కుతో చేయించిన మంగలికత్తులను మిత్రులకు కానుకగా నిచ్చెను.

1822లో రెండవ వ్యాసము వెలువడెను. మరుసటియేడు స్టోడార్ట్ గతించెను. కొలిమి చల్లారెను. 1831లో విద్యుత్ప్రేరణ బయల్పడగా, ఉక్కును అందరును మరచిరి.

1867 ఆగస్టు 25న ఫారడే మరణించెను. ఆతని పేరు వ్రాసియున్న ఒక పెట్టెలో ఉక్కు ముక్కలు మిగిలినవి. 1931లో లోహశాస్త్రజ్ఞుడు హాడ్‌ఫీల్డ్ డెబ్బదితొమ్మిది ముక్కలను పరీక్షించి, ఫారడే యేమేమి కలిపెనో తేల్చి ప్రకటించెను.