జయరాంబాటి పెద్దక్క: ఇంటి పనే తొలి సాధన అయిన శారదామాత కథ

ఈ వారం మన వీడియోలో శ్రీ శారదాదేవి జీవితం చెప్పుకున్నాం కదా. ఆవిడ బాల్యానికి అక్కడ రెండు నిమిషాలే దొరికాయి. నాకేమో ఆ బాల్యమే ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. ఎందుకంటే ఈ రోజు ప్రతి ఇంట్లో వినబడే మాట ఒకటుంది: పిల్లలు తిన్న కంచం కూడా తియ్యరు, చెప్తే వినరు, బాధ్యత ఎలా నేర్పాలో తెలీదు అని. ఆ ప్రశ్నకి నాకు పేరెంటింగ్ పుస్తకాల కన్నా అమ్మ జీవితంలోనే మంచి జవాబు కనబడింది.

శారద 1853 డిసెంబర్ 22న బెంగాల్‌లోని జయరాంబాటి అనే చిన్న పల్లెలో పుట్టింది. తండ్రి రామచంద్ర ముఖోపాధ్యాయ, తల్లి శ్యామసుందరి. ఆ ఇంట్లో ఆవిడే పెద్ద పిల్ల. తర్వాత ఒక చెల్లెలు, ఐదుగురు తమ్ముళ్లు. పౌరోహిత్యం, కొద్దిపాటి వరి పొలం, కొంచెం పత్తి, ఇదీ ఆ కుటుంబానికి ఆధారం. తల్లి చేలో పత్తి తీస్తుంటే శారద పక్కనే ఉండి తీసేది. ఆ పత్తి వడికి జంధ్యాలు చేసేవారు, అవి అమ్మితే ఇంటికి నాలుగు డబ్బులు వచ్చేవి. పశువుల కోసం మెడలోతు నీళ్లలో దిగి గడ్డి కోసేది. పొలంలో కూలీలకి తినడానికి పట్టుకెళ్లేది. తమ్ముళ్లని వెంటబెట్టుకుని ఆమోదర్ నదికి స్నానానికి తీసుకెళ్లేది. ఒక ఏడాది మిడతలు పడి పంట పోతే, చేలో రాలిన గింజలు ఏరి తెచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. నేను పేదరికాన్ని పొగడట్లేదు. చిన్నపిల్ల మెడలోతు నీళ్లలో దిగాల్సి రావడం గొప్ప విషయం కాదు, అది ఆ ఇంటి కష్టం. నేను చూసేది ఇంకొకటి. శారద చేసిన పనుల్లో ఊరికే అలవాటు కోసం పెట్టిన పని ఒక్కటీ లేదు. ఆ పిల్ల చెయ్యకపోతే ఆవుకి గడ్డి లేదు, తమ్ముడికి స్నానం లేదు. తన పని ఇంటికి నిజంగా అవసరమని ఆ పిల్లకి తెలుసు. మనం చాలాసార్లు పిల్లలకి స్టిక్కర్లు, స్టార్లు ఇచ్చి పని చేయిస్తాం. స్టార్ అయిపోగానే పని కూడా అయిపోతుంది. నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఈ పూట నడవదు అనే నమ్మకం ఇచ్చిన పని మాత్రం పిల్లల్లో ఉండిపోతుంది.

1864లో ఆ ప్రాంతంలో కరువొచ్చింది. రామచంద్రుడి దగ్గర అంతకుముందు ఏడాది దాచిన ధాన్యం కొంచెం ఉంది. తన పిల్లలకే సరిపోతుందో లేదో తెలియని రోజుల్లో ఆయన పొయ్యి వెలిగించి, మినప్పప్పు వేసి కిచిడీ వండించి, ఆకలితో వచ్చినవాళ్లందరికీ పెట్టించారు. కుండలోంచి వడ్డించిన కిచిడీ పొగలు కక్కుతుంటే, ఆకలికి ఆగలేనివాళ్లు ఆ వేడిలోనే చెయ్యి పెట్టేవారు. పదేళ్ల శారద విసనకర్ర తీసుకుని, చల్లారేదాకా రెండు చేతులా విసురుతూ నిలబడింది. ఆ పని చెయ్యమని ఆ పిల్లకి ఎవరైనా చెప్పారో లేదో గానీ, తండ్రి ఏం చేస్తున్నాడో మాత్రం కళ్ల ముందే ఉంది. ఇల్లంటే మన నలుగురే కాదని పిల్లలు నేర్చుకునేది ఇలాగే, చూసి.

శారదకి ఐదేళ్లప్పుడే 1859లో శ్రీరామకృష్ణులతో వివాహం జరిగింది. ఆ కాలపు ఆచారం అది. 1867లో గురుదేవులు కామార్పుకూర్ వచ్చి కొన్ని నెలలు ఉన్నప్పుడు శారదకి పదమూడేళ్లు. నిరంతరం సమాధిలో ఉండే ఆ మహానుభావుడు ఆ పిల్లకి మొదట ఏం నేర్పారనుకుంటున్నారు? ధ్యానం, జపం నేర్పారు, నిజమే. వాటితోపాటే దీపం వత్తి ఎలా సరిచెయ్యాలో నేర్పారు. ఇంట్లో ఎవరి స్వభావం ఎలాంటిదో చూసి ఎలా మసలుకోవాలో నేర్పారు. బండి గానీ పడవ గానీ ఎక్కేటప్పుడు ముందు ఎక్కాలి, దిగేటప్పుడు ఏ వస్తువూ మర్చిపోలేదని చూసుకుని చివర్లో దిగాలి అని కూడా నేర్పారు. నాకు ఇది చదివినప్పుడల్లా ఆశ్చర్యమే. ఆయన దృష్టిలో దేవుడి పని వేరు, ఇంటి పని వేరు అనే గీత లేదు. పైగా పని చెప్పి వదిలెయ్యలేదు. ఎలా చెయ్యాలో ఓపికగా చూపించారు. మనం గది సర్దుకో అంటాం, సర్దడం అంటే ఏంటో చూపించం. తర్వాత కోప్పడతాం.

శారద 1872లో దక్షిణేశ్వరం చేరారు. అక్కడ నహబత్ అనే చిన్న కట్టడంలో కింది గది ఆవిడ ఇల్లు. గుమ్మం ఎంత తక్కువ ఎత్తంటే మొదట్లో తలకి తగులుతుండేది. ఆ గదిలోనే వంట, సామాన్లు, జపం, వచ్చిన ఆడవాళ్లకి పడక. అత్తగారు చంద్రమణీదేవి సేవ కూడా ఆవిడదే.

ఇంటి పనిలో ఇంత ఆరితేరిన పిల్లకి చదువు మాత్రం అందలేదు. కామార్పుకూర్‌లో అక్షరాలు దిద్దుకుంటుంటే, ఆడవాళ్లు చదివితే పాడైపోతారని గురుదేవుల మేనల్లుడు హృదయ్ పుస్తకం లాక్కున్నాడు. దక్షిణేశ్వరంలో గంగాస్నానానికి వచ్చే ఒక అమ్మాయి దగ్గర ఆవిడ చదవడం నేర్చుకున్నారు, బదులుగా తోట నుంచి వచ్చిన ఆకుకూరలు ఇచ్చేవారు. అందుకే ఇంటి బాధ్యత పేరుతో ఆడపిల్ల చేతిలో పుస్తకం తీసేసేవాళ్లు అమ్మ పేరు వాడుకోకూడదు. 1898 నవంబర్ 13న సోదరి నివేదిత కలకత్తాలో బాలికల పాఠశాల మొదలుపెట్టినప్పుడు పూజ చేసి ప్రారంభించింది అమ్మే. అలాగే ఇంటి పని అక్కకి, ఆట తమ్ముడికి అనే పద్ధతి మన ఇళ్లలో ఇంకా ఉంటే దాన్ని మార్చుకోవాల్సింది మనమే.

అమ్మ పెద్దయ్యాక పిల్లలకి నేర్పిన తీరు కూడా చూడండి. ఒకసారి ఎవరో వాకిలి ఊడ్చి చీపురు మూలకి విసిరేశారు. విసరడానికి పట్టే సమయమే మెల్లగా పెట్టడానికీ పడుతుందని, రేపు మళ్లీ అవసరమయ్యే వస్తువుకి దాని మర్యాద దానికి ఇవ్వాలని అమ్మ నచ్చజెప్పారు. ఇంకోసారి అంజద్ అనే ముస్లిం కూలీకి మేనకోడలు నళిని దూరం నుంచి విసిరినట్టు వడ్డిస్తుంటే, అమ్మ తనే వచ్చి కడుపునిండా పెట్టి, అతను తిన్న చోటు తనే శుభ్రం చేశారు. నళిని జాతి పోతుందని గోల పెట్టినా, అతనూ తన బిడ్డేనని తేల్చిచెప్పారు. పని నేర్పితే సరిపోదు, ఆ పని ఏ మనసుతో చెయ్యాలో కూడా చూపించాలి.

ఇంత తెలిసిన అమ్మకి కూడా ఇంట్లో అన్నీ సాఫీగా జరగలేదు. చిన్న తమ్ముడు అభయ్ చనిపోయాక 1900లో పుట్టిన రాధు అమ్మ చేతుల్లోనే పెరిగింది. రాధు తల్లికి మతిస్థిమితం లేదు. రాధు ఆరోగ్యం బలహీనం, మొండితనం ఎక్కువ. ఒకరోజు కోపంతో పెద్ద వంకాయ తీసి అమ్మ వీపు మీద విసిరింది. నొప్పితో వంగిపోయిన అమ్మ, గురుదేవుల పటం వైపు చూసి ఆ పిల్లని క్షమించమని వేడుకుని, తన పాదధూళి తీసి రాధు తల మీద పెట్టారు. ఒక్క పిల్లతో విసిగిపోయి, నా పెంపకంలోనే లోపం ఉందేమో అని రాత్రుళ్లు కుమిలిపోయే తల్లిదండ్రులకి ఈ ఘట్టం చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. లోకమాత ఇంట్లో కూడా ఒక రాధు ఉంది. అందరు పిల్లలూ ఒకే వేగంతో ఎదగరు.

అదే రాధు ఇంకో వైపు కూడా ఉంది. 1911లో అమ్మ దక్షిణదేశ యాత్రకి వచ్చారు. మద్రాసు, మదురై, రామేశ్వరం చూసి, తిరుగు దారిలో మన రాజమండ్రిలో ఆగి గోదావరి స్నానం చేశారు. ఆ యాత్రలో రామనాథపురం రాజావారి ఖజానా తెరిచి, ఏది నచ్చితే అది తీసుకోమన్నారు. అమ్మకి ఏమీ అక్కర్లేదు. రాధుకి ఏమైనా కావాలేమో అని మర్యాదకి అన్నారు గానీ, ఆ పిల్ల ఏ నగ అడుగుతుందోనని లోపల భయపడి దేవుణ్ణి వేడుకున్నారు. రాధు అంతా చూసి ఇవేవీ వద్దంది. తన పెన్సిల్ పోయిందట, ఒక పెన్సిల్ కొనిపెడితే చాలంది! మొండి రాధు కూడా అమ్మని రోజూ చూస్తూనే ఉంది కదా.

అమ్మ 1920 జులై 21న దేహం విడిచారు. చివరి ఏళ్లలో కూడా జయరాంబాటికి వచ్చిన శిష్యులకి కూరలు తరిగి, తమలపాకులు చుట్టి, దగ్గరుండి వడ్డించేవారు.

కాబట్టి ఈ వారం ఒక చిన్న సంకల్పం చేద్దాం. మీ ఇంట్లో చిన్నవాళ్లకి, పిల్లలైనా తమ్ముళ్లైనా చెల్లెళ్లైనా, ఇంటికి నిజంగా అవసరమైన పని ఒక్కటి అప్పజెప్పండి. సాయంత్రం దేవుడి దగ్గర దీపం వాళ్లదే అనుకోండి. వత్తి ఎలా వెయ్యాలో, నూనె ఎంత పొయ్యాలో, అగ్గిపుల్ల ఎలా గియ్యాలో మొదటి వారం పక్కన కూర్చుని చూపించండి. తర్వాత ఒకరోజు మర్చిపోతే మీరు వెలిగించెయ్యకండి. దీపం లేదని వాళ్లే గమనించేదాకా ఆగండి.

జై శ్రీ శారదామాత. వచ్చే వారం ఇంకో మహనీయుల కథతో కలుద్దాం.