ఫ్లోరెన్స్ నైటింగేల్

ఫ్లోరెన్స్ నైటింగేల్ (మే 12, 1820 - ఆగష్టు 13, 1910) ఆధునిక నర్సింగ్ వృత్తికి పునాది వేసిన బ్రిటిష్ నర్సు, గణాంకవేత్త, సంఘ సంస్కర్త. రాత్రివేళ దీపము చేతబట్టి క్షతగాత్రులను పరామర్శించినందున దీపధారిణిగా ప్రసిద్ధి చెందినది.

బాల్యము

ఈమె ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరములో సంపన్న ఆంగ్ల కుటుంబములో జన్మించినది. ఆ నగరము పేరే ఈమెకు పెట్టారు. తండ్రి విలియం స్వయముగా చదువు చెప్పాడు. నర్సు పని గౌరవప్రదము కాదని భావించే ఆ రోజులలో, కుటుంబము వ్యతిరేకించినా 1851లో జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో శిక్షణ పొందినది.

క్రిమియా యుద్ధము

మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరికపై 1854 నవంబరులో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరినది. శుభ్రమైన దుస్తులు, ఆహారము సమకూర్చినా మరణాలు తగ్గలేదు. ఆ చలికాలములో 4,000 మందికి పైగా సైనికులు అక్కడ మరణించారు. వారిలో అధికులు గాయముల వలన గాక అంటువ్యాధుల వలన మరణించినవారే. 1855 మార్చిలో వచ్చిన పారిశుధ్య సంఘము భవనము క్రింది మురుగు కాలువలను శుభ్రపరచి, గాలి వచ్చే ఏర్పాటు చేసిన పిదప మరణాలు వేగముగా తగ్గినవి.

యుద్ధానంతరము గణాంకవేత్త విలియం ఫార్‌తో కలిసి లెక్కలను పరిశీలించినప్పుడు, పారిశుధ్యము లేనిచోట సేవాభావము ఒక్కటే రోగిని కాపాడలేదని ఈమెకు స్పష్టమైనది. ఆ మరణాలను రేఖాచిత్రములుగా గీసి ప్రభుత్వము ముందుంచినది.

నర్సుల శిక్షణ

ప్రజల విరాళములతో ఏర్పడిన నిధితో 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయము ప్రారంభమైనది. అనారోగ్యము వలన ఈమె దానిని స్వయముగా నడపలేదు. జాబుల ద్వారా మార్గదర్శనము చేసినది. అక్కడ శిక్షణ పొందినవారు ఇతర ఆసుపత్రులలో నర్సులకు అధిపతులై కొత్తవారిని తయారు చేశారు. 1865లో ఆగ్నెస్ జోన్స్ లివర్‌పూల్‌లోని పేదల ఆసుపత్రికి, 1868లో లూసీ ఆస్‌బర్న్ ఆస్ట్రేలియాలోని సిడ్నీకి వెళ్ళారు. ఈ విధముగా ఒక వ్యక్తిపై ఆధారపడక, తనంతట తాను కొనసాగే వ్యవస్థ ఏర్పడినది.

భారతదేశముతో సంబంధము

ఈమె భారతదేశానికి ఎన్నడూ రాలేదు. అయినను ఇక్కడి బ్రిటిష్ సైన్యములో ఏటా వేయికి 69 మంది మరణిస్తున్నారని 1863లో వెలువడిన రాయల్ కమిషన్ నివేదికకు ఎంతో శ్రమించినది. తరువాత గ్రామ పారిశుధ్యము, కరువు నివారణలపై దృష్టి సారించి, గోదావరిపై ఆనకట్ట నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్ నీటిపారుదల వాదనను బలపరచినది.

చివరి రోజులు

1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన తొలి మహిళ అయినది. 1910లో 90వ ఏట లండనులో మరణించినది. ఈమె జన్మదినమైన మే 12ను అంతర్జాతీయ నర్సుల దినోత్సవముగా జరుపుకుంటారు.