ఎల్లాప్రగడ సుబ్బారావు – ఎర్ర రక్తకణం

మీ కింది కనురెప్పను మెల్లగా కిందికి లాగి అద్దంలో చూసుకోండి. లోపలి పొర ఎర్రగా ఉందా, పాలిపోయి ఉందా? పాలిపోయి ఉంటే మీ ఒంట్లో హీమోగ్లోబిన్ తగ్గి ఉండవచ్చు. మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌ను ఊపిరితిత్తుల వద్ద అందుకొని ఒంటిలోని ప్రతి కణానికీ చేర్చేది, ఎర్ర రక్తకణాలలో ఉండే ఈ హీమోగ్లోబినే. తిరుగు ప్రయాణంలో కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. అందులో దాదాపు 70 శాతం హీమోగ్లోబిన్‌కు అంటుకోదు. బైకార్బొనేట్‌గా మారి ప్లాస్మాలో కరిగి వస్తుంది. ఆ మార్పు కూడా ఎక్కువగా ఎర్రకణం లోపలే జరుగుతుంది. అందుకే ఎర్రకణాలు బాగా తగ్గిన మనిషికి నాలుగు మెట్లు ఎక్కినా ఆయాసం వస్తుంది.

ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. కనుక ఎముక మజ్జలో కొత్త కణాలు నిత్యం పుడుతూనే ఉండాలి. అవి పుట్టకపోతే ఏమవుతుందో తన ఇంట్లోనే చూసిన ఒక తెలుగువాని జీవితం ఇప్పుడు చదవండి.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. కుటుంబానిది పేదరికం. చదువు సాఫీగా సాగలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరాక, గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. అది ఒక ఆంగ్లేయ ఆచార్యునికి నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు.

ఆ కాలంలోనే ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో మరణించారు. వారిని బలిగొన్నది స్ప్రూ అనే గ్రహణి వ్యాధి. ఈ వ్యాధిలో తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, మనిషి చిక్కి, రక్తం లేక తెల్లబడిపోతాడు. చేతిలో వైద్యవిద్య ఉండి కూడా ఇవ్వడానికి మందు లేదు.

1920ల తొలి సంవత్సరాలలో మామగారు చేసిన ధనసహాయంతో సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ చేరారు. చదువుకుంటూనే, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పరిశోధన ఆయనను ఎ.టి.పి. వద్దకు చేర్చింది. రక్తం మోసుకువచ్చిన ఆక్సిజన్‌తో కణం తయారు చేసుకునే శక్తి పదార్థం ఇదే. ఇంత చేసినా అక్కడ ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లారు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళదాం. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించారు. వారిలో బట్టల మిల్లు కార్మికులు చాలామంది. మీరు నేడు సూరత్‌లో మరమగ్గం నడుపుతున్నవారైతే ఆ ఇళ్ల తిండి ఎలా ఉండేదో ఊహించగలరు. ఈస్టు రసం పెడితే వారి రక్తం మెరుగుపడింది. అందులోని పదార్థం ఏమిటో అప్పుడు తెలియలేదు. 1941లో టన్నుల కొద్దీ పాలకూర నుండి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చేటట్లు ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. ఇది చాలకపోతే మజ్జలోని కణాలు పెరుగుతాయి గానీ సరిగా విభజన చెందవు. ఉబ్బిన కణాలు మిగులుతాయి, ఎర్రకణాల సంఖ్య పడిపోతుంది.

టన్నుల ఆకుకూర నుండి చిటికెడు మందు వస్తే రోగులందరికీ ఎలా సరిపోతుంది? సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. నిజానికి ఆయన కాలేయంలో వెదికినది మరొక రకం రక్తహీనతకు మందు. అది బి12 విటమిన్ అని 1948లో ఇతరులు తేల్చారు. కాని దొరికిన ఈ మందు, ఏ వ్యాధికి తన సోదరులు బలి అయ్యారో ఆ స్ప్రూ రోగులకే పనికివచ్చింది. ఇచ్చిన కొద్ది రోజులకే వారి రక్తంలో కొత్త ఎర్రకణాలు కనిపించాయి.

ఆయన బృందం బోదకాలు వ్యాధికి హెట్రజాన్ మందును కూడా ఇచ్చింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే పదార్థాలనూ తయారుచేసింది. అటువంటి అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గినట్లు 1948 జూన్‌లో ప్రకటించారు. రెండు నెలలకు, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53 సంవత్సరాలు. భార్య శేషగిరి ఇండియాలోనే ఉన్నారు. ఆయన మళ్లీ స్వదేశానికి రానేలేదు.